ఎండాకాలం బయటికి, వానాకాలం లోపలికి: చెరువు పక్క వాకింగ్ ట్రాక్ కింద లీకైన మురుగు లైను

తెలంగాణలోని ఒక నగరంలో, చెరువు పక్కన జనం నడిచే ట్రాక్ కింద ఉన్న మురుగు లైను మరమ్మతు గురించి ఇది. చెరువు పేరు, కాలనీలు, పనిచేసిన సంస్థల వివరాలు తీసేశాను, కొలతలు ఉజ్జాయింపుగా ఇచ్చాను. ఇలాంటి లైన్లు దాదాపు ప్రతి ఊళ్లోనూ ఉన్నాయి. ట్రాక్ మీద తడి కనిపిస్తే పైపు అక్కడే పగిలిందనుకుని జేసీబీ పెట్టించే అలవాటూ ప్రతి ఊళ్లోనూ ఉంది. నీళ్లు పైపులోంచి బయటికి పోతున్నాయా, బయటి నుంచి పైపులోకి వస్తున్నాయా అన్నది తేల్చుకోకుండా తవ్వితే ఏమవుతుందో ఈ కేసు బాగా చూపించింది. అందుకే పూర్తిగా రాస్తున్నాను.

నేపథ్యం

మురుగు పల్లానికి పోతుంది. మన ఊళ్లలో పల్లమంటే చెరువే. కాలనీల మురుగు చెరువులో కలవకుండా ఆపాలంటే చెరువు అంచు వెంబడే ఒక లైను వేసి, దారిలో దాన్నంతా పట్టుకుని శుద్ధి కేంద్రానికి, అంటే ఎస్‌టీపీకి, తీసుకెళ్లాలి. ఈ లైను అలా వేసిందే. 600 మి.మీ. వ్యాసమున్న ఆర్‌సీసీ (ఇనుప చువ్వల కాంక్రీటు) పైపు, ఒత్తిడి లేకుండా పారే లైన్లకు వాడే ఎన్‌పీ3 రకం, మూడున్నర మీటర్ల లోతు. పాతికేళ్లు దాటింది. వేసిన రోజుల్లో పైన తుమ్మచెట్లు, బురద తప్ప ఏమీ లేవు. తర్వాత చెరువు సుందరీకరణలో అదే ఖాళీ పట్టీ మీద మట్టి పోసి, పేవర్ బ్లాకులు పరిచి, వాకింగ్ ట్రాక్ చేశారు. నీడ కోసం రెండు వైపులా చెట్లు నాటారు. వాటిలో కానుగతో పాటు రావి మొక్కలు కూడా ఉన్నాయి. కొన్ని మ్యాన్‌హోల్ మూతలు పేవర్ల కింద కప్పబడిపోయాయి.

ఇంకో వివరం తర్వాత కీలకమైంది. ఎగువన పల్లంలో ఉన్న కొన్ని వీధుల మురుగును ఒక చిన్న పంపింగ్ స్టేషన్ ఎత్తి ఈ లైన్లో పోస్తుంది. సంపు నిండేదాకా మోటారు వేయరు. అందువల్ల మురుగు గంటల తరబడి నిలవ ఉండి, కుళ్లి, ఆ తర్వాత ఒక్కసారిగా మ్యాన్‌హోల్లో పడుతుంది.

వచ్చిన సమస్య

ఏప్రిల్ చివర్లో వాకర్ల ఫిర్యాదులు మొదలయ్యాయి. ఒక మలుపు దగ్గర దుర్వాసన, పేవర్ల సందుల్లో నల్లటి తడి. చుట్టుపక్కల గడ్డంతా ఎండిపోతే అక్కడ మాత్రం పచ్చగా ఉంది. నిర్వహణ సిబ్బంది తడి ఉన్నచోటే తవ్వించారు. పైపు కనిపించింది, జాయింటు దగ్గర వెంట్రుక మందం చీలిక కనిపించింది. దాని చుట్టూ కాంక్రీటు పోసి గుంత పూడ్చారు. వారం తిరగకుండానే తడి మళ్లీ వచ్చింది. తర్వాత దిగువన, నీళ్లను గట్టి ఒత్తిడితో చిమ్మే జెట్టింగ్ మెషిన్‌తో పూడిక తీయించారు. తడి తగ్గింది, కొన్నాళ్లకు మళ్లీ పెరిగింది. మమ్మల్ని పిలిచింది అప్పుడు.

జెట్టింగ్ తర్వాత తడి తగ్గిందన్న సమాచారం నాకు చాలా పనికొచ్చింది. దిగువన పూడిక ఉంటే పైపులో నీటి మట్టం పెరుగుతుంది. మట్టం పెరిగినప్పుడే లీకు ఎక్కువవుతోందంటే, కన్నం పైపు అడుగున కాకుండా పక్కనో పైభాగంలోనో ఉండే అవకాశం ఎక్కువ. పైపు సగం నిండి పారినంతసేపూ అది బయటపడదు. ఉదయం ఆరు నుంచి తొమ్మిది దాకా ఇళ్లలో స్నానాలు, వంటలు. లైను నిండుగా పారే సమయం అదే, ట్రాక్ మీద జనం నడిచే సమయమూ అదే. వాసన పొద్దున్నే ఎక్కువని వాకర్లు చెప్పింది దీనితో సరిపోయింది.

అయినా అది మురుగేనని నిర్ధారించుకోవాలి. తాగునీటి పైపు లీకైనా గడ్డి పచ్చగానే ఉంటుంది. క్లోరిన్ కిట్‌తో చూస్తే క్లోరిన్ లేదు. ఇది ఒక్కటే చాలదు, ఎందుకంటే మట్టిలో కొంత దూరం నడిచిన తాగునీటిలోనూ క్లోరిన్ మిగలదు. అమ్మోనియా పరీక్ష, లవణాలు తెలిపే కండక్టివిటీ పరీక్ష కూడా చేసి, లైన్లోని మురుగు ఫలితాలతో పోల్చాకే మురుగేనని ఒప్పుకున్నాం.

తడి ఒకచోట, కన్నం ఇంకోచోట

దారి చూపింది చెరువులో చేపలు పట్టే మత్స్యకారులు. మేం మలుపు దగ్గర నిలబడి మాట్లాడుకుంటుంటే ఒకాయన వచ్చి, "గాడ కాదు సారూ, గీ రాళ్ల కాడ సూడుండ్రి. పొద్దుగాల చేపలు ఈడనే నోర్లు తెరుస్తున్నయ్" అన్నాడు. ఆయన చూపించిన చోటు తడి మచ్చకు బాగా దిగువన, చెరువు అంచు రాతి కట్టడం కింద ఉంది. రాత్రంతా నీటిలో ప్రాణవాయువు తగ్గుతూ వస్తుంది కాబట్టి తెల్లవారుజామున చేపలకు అసలే గడ్డుకాలం. దానికి మురుగు తోడైతే నీటి పైకొచ్చి నోరు తెరుస్తాయి. మా పరికరాలకంటే ముందు ఆయన కన్ను దాన్ని పట్టుకుంది.

సంబంధిత అధికారులకూ మత్స్యకార సంఘానికీ ముందే చెప్పి, ఎగువ మ్యాన్‌హోల్లో ఫ్లోరెసీన్ రంగు కలిపాం. ఆకుపచ్చగా మెరిసే ఈ రంగు చాలా పలచబడినా కంటికి కనిపిస్తుంది. అది మొదట రాళ్ల దగ్గర తేలింది. తడి మచ్చ దగ్గరికి చాలా ఆలస్యంగా వచ్చింది.

కారణం పైపు కింద వేసే పరుపు. పైపు వేసేటప్పుడు కందకంలో ఇసుక, కంకర పరుస్తారు. రెండు పక్కలా ఉండేది చెరువు బంకమట్టి. నీరు బంకమట్టిలోకి సులువుగా దూరదు, కంకరలో మాత్రం హాయిగా నడుస్తుంది. పైపునుంచి కారిన మురుగు పైపు కిందే మరో కాలువలా సాగి, ఎక్కడ మట్టి పలచగా ఉంటే అక్కడ బయటపడుతుంది. కాబట్టి తడి కనిపించే చోటు లీకైన నీటికి బయటికి దారి దొరికిన చోటు మాత్రమే. కన్నం దానికి ఎగువన ఎక్కడైనా ఉండొచ్చు. సిబ్బంది కాంక్రీటు పోసిన చీలిక నిజమైనదే అయినా ఆ మురుగు అందులోంచి వచ్చింది కాదు.

లోపల ఏముందో చూడాలంటే కెమెరా పంపాలి, దానికి లైను దాదాపు ఖాళీగా ఉండాలి. ఎగువన గాలితో ఉబ్బే రబ్బరు ప్లగ్ పెట్టి, మురుగును పంపులతో పక్క నుంచి దాటించి, ప్రవాహం తక్కువగా ఉండే అర్ధరాత్రి దాటాక కెమెరా దింపాం.

ఇక్కడ ఒక షరతు మొదటి రోజే పెట్టుకున్నాం: మ్యాన్‌హోల్లోకి మనిషి దిగకూడదు. పంపింగ్ స్టేషన్ నీళ్లు పడే మ్యాన్‌హోల్ మూత తీసి గ్యాస్ మీటరు దింపగానే అలారం మోగింది. హైడ్రోజన్ సల్ఫైడ్ గాలికంటే బరువు, అడుగునే ఉంటుంది. తక్కువ మోతాదులో కుళ్లిన గుడ్డు వాసన వస్తుంది. వంద పీపీఎం (గాలిలో పది లక్షల వంతులకు వంద) ప్రాంతానికి చేరితే ముక్కు మొద్దుబారి ఆ వాసనే తెలియదు. వాసన పోయింది కదా అని దిగినవాళ్లు తిరిగి రాలేదు. 2013 నాటి మాన్యువల్ స్కావెంజింగ్ నిషేధ చట్టం, రక్షణ పరికరాలు లేకుండా మురుగు లైన్లలోకి మనుషులను దింపడాన్ని నేరంగా చెప్పింది. ఇలాంటి మరణాలకు పరిహారాన్ని సుప్రీంకోర్టు 2014లో 10 లక్షల రూపాయలుగా నిర్ణయించి, 2023లో 30 లక్షలకు పెంచింది. అయినా మరణాలు ఆగలేదు. ప్లగ్ పెట్టడానికి "ఒక్క నిమిషం దిగి వస్తా సార్" అనే కుర్రాడు ప్రతి సైటులోనూ ఉంటాడు. అతనికి వద్దని చెప్పడం ఇంజినీరు పని. మేం లోతు తక్కువున్న మ్యాన్‌హోల్‌ను ఎంచుకుని, పైనుంచి గొట్టం కర్రలు, తాళ్లతోనే ప్లగ్‌ను దింపి కూర్చోబెట్టాం. సమయం ఎక్కువ పట్టింది. పట్టనివ్వాలి.

కెమెరాలో మూడు విషయాలు కనిపించాయి. తడి మచ్చకు రెండు మ్యాన్‌హోళ్ల ఎగువన ఒక జాయింటు పక్కకు జరిగి, పైభాగంలో వేలు దూరేంత సందు ఏర్పడింది. ఆ సందులోంచి రావి వేర్లు జడలా వేలాడుతున్నాయి. అక్కడి నుంచి దిగువకు పైపు కప్పు భాగంలో సిమెంటు పోయి కంకర తేలింది. ఈ మూడోదానికి కారణం పంపింగ్ స్టేషనే. కుళ్లిన మురుగు ఎత్తునుంచి పడినప్పుడు హైడ్రోజన్ సల్ఫైడ్ గ్యాస్ విడుదలవుతుంది. పైపు కప్పు తడి మీద ఉండే బ్యాక్టీరియా దాన్ని సల్ఫ్యూరిక్ ఆమ్లంగా మారుస్తుంది, ఆ ఆమ్లం కాంక్రీటును తింటుంది. అందుకే ఇలాంటి పైపులు కప్పు వైపునుంచి పోతాయి. పారే నీటి కింద ఉండే అడుగు భాగం చాలాకాలం బాగానే ఉంటుంది.

గ్రౌటింగ్ ఎందుకు నిలవలేదు

అప్పటికి మే నెల సగం దాటింది. లోపలినుంచి లైనింగ్ చేయడమే, అంటే పైపు లోపల కొత్త పొర వేయడమే, అసలు పరిష్కారమని తెలిసినా, ఎస్టిమేట్, మంజూరు, టెండరు, ఆ కొలతకు లైనర్ తయారీ, ఇవన్నీ వానల్లోపు అయ్యేవి కావు. అంతదాకా చెరువులోకి మురుగు పోనివ్వలేం. కాబట్టి తాత్కాలికంగా జాయింటుకు పాలీయురిథేన్ గ్రౌటింగ్ చేద్దామనుకున్నాం. ప్యాకర్ అనే రబ్బరు గొట్టాన్ని పైపులోపల సరిగ్గా జాయింటు దగ్గర ఉబ్బించి, దాని వెనక్కి రసాయనాన్ని పంపిస్తారు. అది నీటితో కలిసి నురగలా ఉబ్బి సందు మూస్తుంది. వేర్లు కోసి గ్రౌట్ చేశాం. తడి ఆగింది, రాళ్ల దగ్గర నలుపు పోయింది.

జూలై, ఆగస్టుల్లో వానలు పడి చెరువు నిండింది. వాసన లేదు, తడి లేదు. వాకర్స్ అసోసియేషన్ వాళ్లు కృతజ్ఞతగా లేఖ రాశారు. నాకు మాత్రం టెన్షన్ అప్పుడే మొదలైంది. వేసవిలో చెరువు మట్టం పైపు అడుగుకంటే కిందుండేది. నిండాక పైపు కప్పుకంటే మీటరుకు పైగా ఎత్తుకొచ్చింది. అంటే ఇప్పుడు ఒత్తిడి బయటినుంచి లోపలికి ఉంది. గ్రౌట్ ఆగకపోయినా ట్రాక్ మీద ఒక్క చుక్క కనిపించదు. చెరువే పైపులోకి కారుతుంది.

దీన్ని తేల్చడానికి ఖరీదైన పద్ధతి అక్కర్లేదు. వాన లేని రోజు రాత్రి మూడు గంటల ప్రాంతంలో ఇళ్లన్నీ నిద్రలో ఉంటాయి. అప్పుడు అనుమానం ఉన్న భాగానికి ఎగువ మ్యాన్‌హోల్లో ఒకసారి, దిగువ మ్యాన్‌హోల్లో ఒకసారి ప్రవాహం కొలవాలి. రెండింటికీ తేడా వస్తే అది నేలలోంచి వచ్చిన నీరు. తేడా స్పష్టంగా వచ్చింది. ఎస్‌టీపీ వాళ్లను అడిగితే, వాన లేని రోజుల్లోనూ మురుగు ఎక్కువగా, పలచగా వస్తోందన్నారు. అన్నిటికంటే నన్ను కలవరపెట్టింది దిగువ మ్యాన్‌హోల్ పూడిక. బకెట్‌తో తీసి కడిగి చూస్తే మురుగు నల్లబురద తక్కువ, సన్నటి ఇసుక, ఎర్రమట్టి ఎక్కువ. ట్రాక్ కోసం పోసిన ఎర్రమట్టే అది. నీటితో పాటు నేల కూడా పైపులోకి పోతోంది, ట్రాక్ కింద బోలు ఏర్పడుతోంది.

ఆ భాగాన్ని వెంటనే మూయించాం. లేఖ రాసిన పెద్దాయనే వచ్చి, "బాగైపోయిందన్నారు కదా బాబూ, ఇప్పుడెందుకు మూస్తున్నారు?" అని అడిగారు. పూడిక చూపించి, చెరువు వైపు, పైపు వైపు చేయి చూపిస్తూ చెప్పాం. ఆయనకు వెంటనే అర్థమైంది. తర్వాత పక్క దారిలో లైట్లు వేయించడానికి ఆయనే వెంటపడ్డారు, ఎందుకంటే చీకటితోనే వచ్చే మహిళలు ఆ దారి వాడాలి. మూసిన కొన్నాళ్లకు జాయింటుకు సరిగ్గా పైన పేవర్లు బొచ్చెలా కుంగాయి. కంచె ఉండబట్టి ఎవరికీ దెబ్బ తగల్లేదు.

గ్రౌట్ నిలవకపోవడానికి కారణం రసాయనం నాసిరకం కావడం కాదు. ఆ పైపు ఇంకా కదులుతోంది. కింది పరుపు కొట్టుకుపోతున్న పైపులో జాయింటును ఏ నురగా పట్టి ఉంచలేదు.

ఏ పద్ధతి, ఎప్పుడు

తవ్వి పైపు మార్చడం చాలామంది మొదటి సలహా. చెరువు నిండుగా ఉన్నప్పుడు అంచున మూడున్నర మీటర్ల గుంత తీస్తే చుట్టూ షీట్ పైల్స్, అంటే మట్టి కూలకుండా ఆపే ఉక్కు పలకలు, దిగ్గొట్టాలి, రాత్రింబవళ్లు నీళ్లు తోడాలి, వరుస చెట్లు కొట్టాలి. గుంత కూలితే మనుషులు పోతారు. దాన్ని పక్కన పెట్టాం.

పాత పైపులోకి చిన్న హెచ్‌డీపీఈ (గట్టి ప్లాస్టిక్) పైపు దూర్చడం చవక. కానీ 600లో 500 పైపు పెడితే, అదే వాలుకు, వ్యాసం తగ్గిన ఒక్క కారణంగా సామర్థ్యం దాదాపు 60 శాతానికి పడిపోతుంది. ప్లాస్టిక్ నున్నగా ఉంటుంది కాబట్టి కొంత తిరిగొస్తుంది, సుమారు 80 శాతం దాకా. ఉదయం ఇప్పటికే నిండి పారే లైన్లో ఆ 20 శాతం కోల్పోతే ఎగువ వీధుల్లో మ్యాన్‌హోళ్లు పొంగుతాయి.

పాడైన జాయింటు ఒక్కదానికే పొట్టి లైనర్ వేయొచ్చు. జాయింటు ఒక్కటే సమస్య అయితే నేనూ అదే వేయించేవాణ్ని. ఇక్కడ కప్పు పొడవునా తిని ఉంది.

కాబట్టి మ్యాన్‌హోల్ నుంచి మ్యాన్‌హోల్ దాకా రెజిన్ లైనింగ్ ఎంచుకున్నాం. వేడికి గట్టిపడే రెజిన్ అనే జిగురుతో తడిపిన మందపాటి ఫెల్ట్ బట్ట గొట్టాన్ని, చొక్కా చేతిని లోపలి వైపు బయటికి తిప్పినట్టు, నీటి ఒత్తిడితో తిప్పుతూ పైపులోకి పంపి, వేడినీటితో గట్టిపరుస్తారు. మందం 12 మి.మీ. ప్రాంతంలో వచ్చింది. పాత పైపుకు బలమే లేదనుకుని, పైమట్టి బరువునూ నిండు చెరువు ఒత్తిడినీ లైనరే మోయాలన్న లెక్క అది. పాత పైపు సగం బలం ఇస్తుందని రాసుకుంటే మందం, ఖర్చు తగ్గేవి. కంకర తేలిన కప్పును చూశాక ఆ లెక్క మీద సంతకం పెట్టడం నాకు ఇష్టం లేకపోయింది.

చెరువు తగ్గేదాకా, అంటే ఫిబ్రవరి దాకా ఆగుదామా అన్నది మరో చర్చ. అప్పుడైతే పని సులువు. కానీ రోజూ మట్టి పోతోంది. వానలు వెనకపట్టగానే, చెరువు నిండుగా ఉన్నా సరే, అక్టోబర్ చివర్లోనే చేయాలని నిర్ణయించాం.

పని జరిగిన తీరు

అందరికీ అనుమానం వచ్చింది వరుస దగ్గర. పైన బోలు ఉంది కదా, ముందు దాన్ని సిమెంటు పాలతో నింపితే భద్రం కదా అన్నారు. అలా చేస్తే ఆ పాలు తెరిచి ఉన్న జాయింటులోంచి పైపులోకి దిగి గడ్డకడతాయి, పారే లైను మూసుకుపోతుంది. ముందు లైనింగ్, తర్వాతే నింపడం. మధ్యలో కూలే ప్రమాదాన్ని తగ్గించడానికి ఆ భాగం మీదికి బండ్లు, మనుషులు, మెషిన్లు రాకుండా చూశాం. కుంగిన చోట పేవర్లు తీసేసి బరువు తగ్గించాం.

పంపులను రాత్రి ప్రవాహానికి కాకుండా ఉదయపు నిండు ప్రవాహానికి సరిపడా పెట్టించాం. లైనర్ దింపడం రాత్రి మొదలైనా గట్టిపడటం మరుసటి ఉదయం దాటాకగానీ పూర్తికాదు, మధ్యలో ఆపే వీలుండదు. ఒక పంపు ఆగితే మురుగు పోయేది చెరువులోకే కాబట్టి, అంతే సామర్థ్యమున్న డీజిల్ పంపు అదనంగా సిద్ధంగా ఉండాలని పట్టుబట్టాం. అది వాడాల్సి రాలేదు. అయినా ఆ ఖర్చు దండగని నేను అనుకోను.

శుభ్రం చేసేటప్పుడు జెట్ ఒత్తిడి తగ్గించాం. తినేసిన కప్పు మీద పూర్తి ఒత్తిడి కొడితే మిగిలిందీ ఊడిపోతుంది. జరిగిన జాయింటులోంచి చెరువు నీరు ధారగా వస్తుంటే రెజిన్ కొట్టుకుపోతుంది కాబట్టి అదే పాలీయురిథేన్‌తో ధారను ముందు ఆపాం. వేసవిలో వేసి వానల్లో నిలవని గ్రౌట్ ఇక్కడ కొన్ని గంటలు నిలిస్తే చాలు, నిలిచింది.

పాలియెస్టర్ రెజిన్‌లో స్టైరీన్ ఉంటుంది, ఘాటు వాసన. దగ్గరి ఇళ్లకు ముందురోజే వెళ్లి, వాడని బాత్రూముల నహానీ ట్రాపుల్లో, అంటే జాలీ కింద నీళ్లు నిలిచి వాసనను ఆపే గిన్నెల్లో, ఒక చెంబు నీళ్లు పోయమని చెప్పాం. ట్రాపు ఎండిపోయి ఉంటే వాసన నేరుగా ఇంట్లోకి వస్తుంది. గట్టిపడ్డాక ఆ వేడినీటిని మెల్లగా చల్లార్చి, ఎస్‌టీపీ వాళ్లతో మాట్లాడుకుని కొద్దికొద్దిగా లైన్లోకి వదిలాం. ఒక్కసారి వదిలితే అక్కడ మురుగును శుద్ధి చేసే సూక్ష్మజీవులు దెబ్బతింటాయి. చెరువులోకైతే చుక్క కూడా పోకూడదు.

లైనింగ్‌కు ముందు కెమెరాతో ప్రతి పక్క కనెక్షన్ దూరాన్నీ రాసుకున్నాం. డ్రాయింగులో లేని ఒక కనెక్షన్ బయటపడింది, పార్కు టాయిలెట్లది. దాన్ని గమనించకపోతే లైనర్ కింద మూసుకుపోయి, టాయిలెట్లు వెనక్కి తన్నేవి. తర్వాత రోబో కట్టర్‌తో ఆ రంధ్రాన్ని తెరిచాం.

ఆ తర్వాత ట్రాక్‌కు సన్నటి రంధ్రాలు వేసి, పలచటి సిమెంటు మిశ్రమాన్ని తక్కువ ఒత్తిడితో విడతలుగా పోశాం. రాళ్ల దగ్గర ఒక మనిషిని కూర్చోబెట్టాం, మిశ్రమం చెరువు వైపు తేలితే ఆపడానికి. బోలు ఎంతుందో రాడార్‌తో చూద్దామని ముందు ప్రయత్నించినా, తడి బంకమట్టిలో ఆ తరంగాలు లోతుకు పోవు. చివరికి ఇనుప చువ్వ దించి కొలిచిన లెక్కే పనికొచ్చింది.

లైనింగ్ అయ్యాక దిగువ మ్యాన్‌హోల్ గోడలోంచి నీళ్లు ఊరడం మొదలైంది. ఇది ఎదురుచూసిందే. పైపు మూసుకోవడంతో కంకర పరుపులో నడుస్తున్న నీరు తర్వాతి బలహీనమైన చోటు వెతుక్కుంటుంది. అందుకోసమే ఎస్టిమేట్‌లో మ్యాన్‌హోల్ గోడల సీలింగ్, మ్యాన్‌హోళ్ల పక్కన పరుపుకు అడ్డంగా, తడిస్తే ఉబ్బి నీటిని ఆపే బెంటొనైట్ మట్టి కట్టలు ముందే పెట్టించాం. కత్తిరింపుల్లో మొదట పోయేవి ఇలాంటి అంశాలే. ఇవి లేకుండా లైనింగ్ ఒక్కటే చేసి ఉంటే లీకు ఒక మ్యాన్‌హోల్ దూరం జరిగేది, అంతే.

ఫలితం, మిగిలిన పని

రాత్రి ప్రవాహం తేడా కొలతకు అందనంతగా తగ్గింది. దిగువ పూడికలో ఎర్రమట్టి ఆగింది. మరుసటి వేసవిలో చెరువు తగ్గాక మళ్లీ రంగు కలిపి చూశాం, రాళ్ల దగ్గర తేలలేదు.

పంపింగ్ స్టేషన్‌లో సంపు నిండేదాకా ఆగకుండా తరచుగా, తక్కువ తక్కువగా మోటారు వేసేలా మట్టం స్విచ్చులు మార్పించాం. దీనికి అయిన ఖర్చు మొత్తం పనిలో చాలా చిన్నది. దిగువన ఇంకా లైనింగ్ కాని పైపు ఆయుష్షు దీనిమీదే ఆధారపడి ఉంది. పేవర్ల కింద ఉన్న మూతలను పైకి తెచ్చారు. జాయింటు మీది రావిని కొట్టకుండా, వేళ్లతో సహా కట్ట అవతలికి మార్చారు. కొత్తగా నాటే చెట్లను లైనుకు దూరంగా పెట్టమని తోటల విభాగానికి లైను మ్యాపు ఇచ్చాం. అలాంటి మ్యాపు ఉందని వాళ్లకు అంతవరకు తెలియదు.

ఇలాంటి లైను చూసుకునేవారికి నేను చెప్పే పద్ధతి ఇది. ఏడాదికి రెండుసార్లు, చెరువు అడుగంటిన ఏప్రిల్‌లో, నిండిన అక్టోబర్‌లో, అవే రెండు మ్యాన్‌హోళ్లలో రాత్రి ప్రవాహం కొలిచి, పక్కనే చెరువు మట్టం రాసిపెట్టండి. ఏప్రిల్‌లో దిగువన ప్రవాహం తగ్గితే మురుగు బయటికి పోతోంది, అక్టోబర్‌లో పెరిగితే చెరువు లోపలికి వస్తోంది. రెండో రకం కనిపిస్తే ట్రాక్ ఎంత పొడిగా ఉన్నా ఆ రోజే కంచె వేయించండి.